నీడ ఎటు పడినాది?

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం తాడిపత్రి నుంచి బండలు వేసుకొచ్చిన లారీ ఒకటి మా వీధి మొదట్లో ఆగింది. డ్రైవరు దిగి, నా పేరు అడుక్కుంటూ ఇంటిదాకా వచ్చి, పాత పంచెగుడ్డలో చుట్టిన చిన్న పొట్లం నా చేతిలో పెట్టాడు.

“బండలు పాలీసు పట్టే కాడ ఒకాయమ్మ ఇచ్చినాదన్నా. పగిలే సామానంట. దావ పొడుగునా క్లీనరు ఒడిలో పెట్టుకొని తెచ్చినాడు” అన్నాడు.

విప్పి చూశాను. అరచేతి వెడల్పున్న రెండు గాజు పలకలు, ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులకు కాగితం అంటించి ఉన్నాయి. ఒక మూల కొద్దిగా విరిగి ఉంది. కింది గాజుకు లోపలి వైపు దీపపు మసి పట్టించి ఉంది. నల్లగా, నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా. పక్కన, పుల్లకు గుచ్చిన సూది ఒకటి. వాటితో పాటు ఒక అరఠావు ఉత్తరం.

“మా నాయన ఈ నెల మొదట్లో పోయినాడు. మంచాన పడినాక ఒక దినం బుడ్డిదీపం వెలిగించమన్నాడు. చేతులు వణుకుతాంటే నేను పట్టుకుంటిని, ఆయనే ఈ అద్దానికి మసి పట్టించినాడు. మీకు చేర్చమన్నాడు. ఎందుకు నాయనా అంటే, ఆ పిల్లోడు ఒక బొమ్మ చూడకుండా గీసినాడు, మళ్లా గీస్తాడులే అన్నాడు. నాకు తెలిసింది ఇంతే.”

ఆ పిల్లోడికి ఇప్పుడు ముప్పై అయిదేళ్లు. ఆయనకు తెలియదులే అనుకుంటూ పదహారేళ్లు గడిపినవాణ్ని నేను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆయనకు నచ్చదు. ఎందుకు నచ్చదో ముందు ముందు మీకే తెలుస్తుంది. మా ఊళ్లో అందరూ ఆయన్ని టెంటాయప్ప అనేవాళ్లు. కుర్రకారు అన్నా అని పిలిచేది.

మా ఊరు ఉరవకొండకు ఆరేడు మైళ్లు. కరువు రోజుల్లో, మేమింకా మద్రాసు కింద ఉన్నప్పుడే, ఊరి బయట ఒక గుడారం సినిమా వచ్చి దిగింది. కొన్ని నెలలకే లైసెన్సు. ఆ తర్వాత ఎత్తేయాలి. కానీ మళ్లీ మళ్లీ పొడిగింపు తెచ్చుకుంటూ మూడేళ్లు అక్కడే ఉండిపోయింది. యజమాని బళ్లారిలో ఉండేవాడు, ఎప్పుడో తప్ప రాడు. ఒకే మిషను, ఒక ఆయిలింజను, నేల మీద ఇసుక, వెనక నాలుగు వరసల బెంచీలు, ఆ వెనక డజను కుర్చీలు. వీటన్నిటికీ కలిపి ఆయన ఒక్కడు. టికెట్లు చించేదీ ఆయనే, ఇంజను తిప్పేదీ ఆయనే, బొమ్మ వేసేదీ ఆయనే.

మనిషి పొట్టి. నడుస్తుంటే కుడి చెయ్యి ఊరికే ఉండేది కాదు. బొటనవేలిని చూపుడువేలికి రాస్తూ ఉండేవాడు, మసి మెత్తగా ఉందా గరుకుగా ఉందా అని చూస్తున్నట్టు. ఆ బొటనవేలు ఎప్పుడూ నల్లగానే ఉండేది. టికెట్టు మీద, టీ గ్లాసు మీద, తన చొక్కా అంచు మీద, పిల్లల బుగ్గల మీద ఆ వేలి గుర్తు పడేది. ఊళ్లో ఎక్కడ నల్లటి వేలిముద్ర కనిపించినా టెంటాయప్ప వచ్చిపోయాడని తెలిసిపోయేది.

సినిమా నడుస్తుంటే ఆయన సినిమా చూడడు. మిషను పక్కన చిన్న కంతలోంచి జనాన్ని చూస్తాడు. ఎందుకన్నా అని ఒకసారి అడిగితే, “బొమ్మ నాకు తెలుసు. దాన్ని చూసేటోళ్లు దినామూ కొత్తోళ్లే గదప్పా” అన్నాడు.

మిషను ఒక్కటే కాబట్టి ప్రతి రీలుకూ ఆట ఆగేది. వేరే ఊళ్లలో ఆ కాసేపు జనం బీడీలు కాల్చుకుంటారు. మా టెంటులో మాత్రం ఆయన రీలు మార్చి, తెర ముందుకు నడిచి వచ్చి, ఒక ప్రశ్న వేసేవాడు.

“ఇప్పుడు కోడలు తలుపు తీసినాది గదా. చేతిలో ఏముండె?”

“దీపం” అని ఒకరు. “చెంబు” అని ఇంకొకరు. బెంచీల వైపు నుంచి “పొరక” అని ఎవరో అంటే అందరూ నవ్వేవాళ్లు.

ఆడవాళ్ల వైపు, ముందు వరసలో, గుడారం దగ్గర బొరుగులు అమ్మే అవ్వ ఒకతి కూర్చునేది. ఆమె మెల్లగా, “ఏమీ ల్యా. ఉత్త చేతులు. కొంగుకు తుడుచుకుంటా వచ్చె” అనేది.

“అవ్వ చూసినాది” అనేవాడు ఆయన. “మీరంతా అనుకొన్నారు.”

ఒకరోజు వేరుశనక్కాయల వ్యాపారి ఒకడు కుర్చీలోంచి విసుక్కున్నాడు. “ఏమప్పా, దుడ్లిచ్చి వచ్చింది సినిమా చూసేకా, నీకాడ పరీక్ష రాసేకా?”

“రెండిటికీనన్నా. పరీక్షకు వేరే టికెట్టు ల్యా, ఊరికే రాసిపో.”

అలా మూడేళ్లు ప్రశ్నలు విని విని మా ఊరి జనానికి చూసే పద్ధతి మారిపోయింది. సంతలో ఎద్దును బేరమాడేటప్పుడు కూడా, “చూసి చెప్తాండావా, అనుకొని చెప్తాండావా?” అనడం అలవాటైంది.

ఆదివారం పొద్దున్న ఆయన దగ్గర మా క్లాసు ఉండేది. క్లాసు అని మేమే అనుకునేవాళ్లం. ఏడెనిమిది మందిమి, అందరికీ పదిహేడు నుంచి ఇరవై లోపు. కళాయి పూసే సాయిబు కొడుకు, చర్చి వీధి నుంచి ఇద్దరు అన్నదమ్ములు, దర్జీ తమ్ముడు, నేను. పని లేని కరువు కాలం. ఆదివారమే కాదు, ఏ రోజూ మాకు పని లేదు. ఊరికే టెంటు చుట్టూ తిరుగుతున్న మమ్మల్ని ఆయనే ఒకరోజు లోపలికి పిలిచాడు.

మొదటి పాఠం మిషను దగ్గర కాదు. గుడారానికి పడమటి వైపు, రోడ్డుకు ఎదురుగా, ఒక చిన్న చిరుగు ఉండేది. దాన్ని ఆయన కుట్టనిచ్చేవాడు కాదు. చిరుగు ముందు తెల్ల పంచె ఒకటి చాపి పట్టుకోమన్నాడు. కాసేపటికి పంచె మీద, మసక మసకగా, ఎడ్లబండి ఒకటి తలకిందులుగా నడుచుకుంటూ పోయింది. చక్రాలు పైన, ఎద్దుల మూపులు కింద.

“బయట దావలో పోతాండే బండే అది” అన్నాడు. “ఈ మిషనుకు ఇంజను అక్కర్లే, వెలుగుకు కార్బను పుల్లలు అక్కర్లే. కన్నం ఉంటే చాలు. చూసేటోడు ఉంటే చాలు.”

ఆ తర్వాత మసి అద్దాలు. గాజు కోయడం, బుడ్డిదీపం మీద తిప్పుతూ మసి సమంగా పట్టించడం, సూదితో గీయడం, మీద ఇంకో గాజు పెట్టి మైదా జిగురుతో అంచులు అంటించడం నేర్పాడు. గీసిన చోట మసి పోతుంది. లాంతరు పెట్టెలో పెట్టి తెర మీద వేస్తే నల్లటి చీకట్లో తెల్లటి గీతలు వెలుగుతాయి. అంగళ్ల ప్రకటనలు అలాగే చేసేవాళ్లు. ఆయన మాత్రం మా చేత ఊరి బొమ్మలు గీయించాడు. శనివారం మొదటి ఆటకు ముందు అయిదారు బొమ్మలు వేసేవాడు. నేల టికెట్టు కొనలేనివాళ్లు కూడా ఆ కాసేపు లోపలికి వచ్చి చూసి పోవచ్చు. గుడారం తడికె తీసి పెట్టేవాడు.

దానికి రెండు కట్టుబాట్లు. ఒకటి, బొమ్మ మీద గీసినవాడి పేరు ఉండకూడదు. “పేరుంటే జనం బొమ్మ చూడరు, పేరు చూస్తారు” అనేవాడు. రెండోది, కంటితో చూసిందే గీయాలి. అందుకు ఒక పరీక్ష ఉండేది. అద్దం చేతికి తీసుకుని, మా మొహంలోకి చూస్తూ అడిగేవాడు.

“చూసినావా? యాడ? ఏ పొద్దు? నీడ ఎటు పడినాది?”

చివరి ప్రశ్న దగ్గర చాలామంది తడబడేవాళ్లు. తడబడితే కోప్పడేవాడు కాదు. అద్దం తిరిగి ఇచ్చి, “పోయి చూసి రాపో. అది యాడికీ పోదు” అనేవాడు.

సాయిబు కొడుకు గీసిన బొమ్మ ఒకటి ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. బావి గట్టు, గట్టు మీద ఒక బొక్కెన. బొక్కెనకు మూడు చేదతాళ్లు ఒకదానికొకటి ముడివేసి ఉన్నాయి. అంతే. నీళ్లు అంత కిందకు పోయాయని మూడు ముడులు చెప్పాయి. తెర మీద పడగానే నేల మీంచి, “అది మా బాయేప్పా” అని ఎవరో అన్నారు. గుడారమంతా చప్పట్లు.

నా బొమ్మలకు ఎప్పుడూ చప్పట్లు రాలేదు. గడ్డివామి గీశాను. బస్సు గీశాను. అవి తెర మీద ఉన్నంతసేపూ జనం దగ్గుకునేవాళ్లు, పిల్లల్ని సర్దుకునేవాళ్లు. ఎవరైనా చప్పట్లు మొదలుపెడతారేమో అని చూసేవాణ్ని. చేతకాక కాదు, చూడడం చాలక నా బొమ్మలు చప్పగా ఉన్నాయని అప్పట్లో నాకు తెలియలేదు. పెద్ద సంగతి దొరకలేదనుకున్నాను.

పెద్ద సంగతి టీ అంగట్లో దొరికింది.

ఆ ఏడు మా ఊళ్లో గంజి కేంద్రం పెట్టారు. బడి వెనక పెద్ద రాగి కొప్పెరలో గంజి కాచి, మధ్యాహ్నం పూట పోసేవాళ్లు. దాన్ని చూసుకునే పని మా ఊరి అయ్యవారికి అప్పగించారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. సన్నగా, వంగి నడిచే మనిషి. వానలు లేని ఊళ్లో ఏడాది పొడుగునా చంకలో గొడుగు పెట్టుకుని తిరుగుతాడని పిల్లలు నవ్వుకునేవాళ్లు. టీ అంగట్లో ఒకడు అంటుండగా విన్నాను: “అయ్యవారి ఇంటికాడ బండికి మూట ఎక్కిస్తాండారంట. గంజి కేంద్రం మూటే అంట.”

విన్న మాట అంతే. ఇంటికి పోయి గాజు కోశాను. తొందరలో మూల విరిగింది. అయినా అదే అద్దానికి మసి పట్టించి గీశాను. రెండు స్తంభాల ఇల్లు, ఎడ్లబండి, మూట, పక్కన చంకలో గొడుగుతో మనిషి. ఆ గొడుగు చాలు, చిన్న పిల్లాడు కూడా గుర్తుపడతాడు.

శనివారం మధ్యాహ్నం, మావాళ్లు చూస్తుండగానే, టెంటాయప్పకు ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని మామూలుకంటే ఎక్కువసేపు చూశాడు. వేలు మీద వేలు రాసుకోవడం ఆగలేదు.

“చూసినావా?”

“చూసినా.”

“యాడ?”

“అయ్యవారి ఇంటి ముందర.”

“ఏ పొద్దు?”

“పొద్దు గూకేటప్పుడు.”

“నీడ ఎటు పడినాది?”

“తూర్పుకు.”

తడబడలేదు. ఇంటి దగ్గరే లెక్క వేసుకుని వచ్చాను.

“ఇది పెద్ద మాటప్పా. ఒక మనిషి పరువు ఉండాది దీంట్లో. ఇంకొక్కసారి అడుగుతా. చూసినావా?”

“నా కండ్లారా చూసినా అన్నా.”

నిజంగా చూసినవాళ్లు ఎవరూ ఆయన దగ్గర ‘నా కండ్లారా’ అనలేదు. చూసినా అంటారు, ఊరుకుంటారు. ఆ తేడా ఆయన ఆ పూట పట్టుకోలేకపోయాడు. నన్ను నమ్మాడు.

ఆ సాయంత్రం బొమ్మ తెర మీద పడింది. మొదట గొడుగును గుర్తుపట్టి కొందరు నవ్వారు. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు, “మా బిడ్డల గంజి” అంది, గట్టిగా కూడా కాదు. ఆ తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. గుడారం గుడ్డ అదిరేంత చప్పట్లు. చీకట్లో కూర్చుని అవన్నీ నావే అనుకున్నాను. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న సందర్భాలు ఎక్కువ లేవు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ అది నిజం.

మర్నాడు పొద్దున్న జనం బడి దగ్గరికి పోయి అయ్యవారిని చుట్టుముట్టారు. ఎవరూ కొట్టలేదు. ఒకడు గొడుగు లాక్కుని మోకాలికేసి విరిచాడు. ఆయన విరిగిన గొడుగును ఏరుకుని ఇంటికి పోయాడు. సంగతి తాలూకా ఆఫీసుకు చేరింది. విచారణ అయ్యేదాకా గంజి కేంద్రం మూయమని ఆర్డరు వచ్చింది.

ఎనిమిది రోజులు మూసి ఉంది. కొప్పెరను కడిగి బడి వెనక బోర్లించారు. కేంద్రం లేదని తెలిసీ ఆడవాళ్లు మధ్యాహ్నానికి చెంబులు, సత్తుగిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. కాసేపు నిలబడి పోయేవాళ్లు. నేను రోజూ పోయి చూశాను. ఎందుకు పోయేవాణ్నో నాకు తెలియదు. మా ఇంట్లో ఆ ఎనిమిది రోజులూ రాగి సంగటి ఉండింది. తిన్నాను.

ఎనిమిదో రోజు తాసిల్దారు వచ్చాడు. బొమ్మ టెంటులో ఉంది కాబట్టి విచారణ టెంటులోనే పెట్టారు. పగటి వెలుగులో గుడారం లోపల చిరుగులన్నీ కనిపిస్తున్నాయి. తాసిల్దారు కుర్చీలో, అయ్యవారు ఎదురుగా నిలబడి, ఊరు సగం ఇసుక మీద.

“మూట పంపిన మాట నిజమే సార్” అన్నాడు అయ్యవారు. “వంక అవతల పల్లెలో నడవలేని ముసలోళ్లు ఉండారు. ఈడికి రాలేరు. దినం మార్చి దినం నూకలు బండి మీద పంపి ఆడనే కాపించినాను. దానికి కాగితం పెట్టల్లని తెలుసు. పెడితే జవాబు వచ్చేకి నెల పడుతుందని పెట్టలేదు.”

“ఏ వేళలో పంపేవాడివి?”

“తెల్లారగట్ల సార్. ఎండ ముదిరితే ఎద్దులు వంక ఇసకలో లాగలేవు.”

బండి తోలినవాణ్ని పిలిచారు. “పొద్దు మొలిచేటప్పటికి వంకలో ఉంటాము సార్” అన్నాడు వాడు. “సాయంత్రం ఒక్క దినం గూడా కట్టలే.”

అప్పుడు టెంటాయప్ప నా వైపు చూశాడు. పది మందిలో మూడో వరసలో ఉన్నాను. ఆయన బొటనవేలు చూపుడువేలి మీద ఆగిపోయింది. అది ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

“ఈ బొమ్మ ఎవరు గీశారు?” అన్నాడు తాసిల్దారు.

“పేర్లు రాయము సార్.”

“మరి ఎవర్ని పట్టుకోవాలి?”

“నన్ను పట్టుకోండి. తెర మీద వేసింది నేను.”

“బండిని నువ్వు చూశావా?”

“ల్యా సార్. అడిగి వేసినా. సరిగ్గా అడగలేదు.”

తాసిల్దారు మా అందరి వైపూ తిరిగాడు. “గీసినవాడు ఇక్కడ ఉంటే లేచి చెప్పొచ్చు.”

సాయిబు కొడుకు ఇసుకలోకి చూస్తున్నాడు. ఆ విరిగిన మూల అద్దం ఎవరిదో వాడికి తెలుసు. చర్చి వీధి అన్నదమ్ములకూ తెలుసు. ఒక్కరూ నన్ను పట్టివ్వలేదు. బొమ్మకు పేరు ఉండకూడదని ఆయన పెట్టిన కట్టుబాటు వెనక నేను దాక్కున్నాను. మోకాళ్లలో సత్తువ లేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. సత్తువ ఉంది. లేవలేదు, అంతే.

విచారణ ముగిశాక టెంటాయప్ప బల్ల మీంచి ఆ అద్దాన్ని తీసుకుని, అంచుల కాగితం చించి, రెండు గాజులనూ విడదీసి, బొమ్మను బొటనవేలితో తుడిచేశాడు. నాలుగు తుడుపులకు అది మామూలు గాజయింది. దాన్ని జేబులో వేసుకున్నాడు.

గంజి కేంద్రం మర్నాడు మళ్లీ తెరిచారు. కొప్పెర దగ్గర మాత్రం అయ్యవారు నిలబడలేదు. ఇంకెవరికన్నా అప్పగించమని తానే రాసి ఇచ్చి బడి పనికి పోయాడు. వంక అవతల పల్లెవాళ్లు ఆ ఎనిమిది రోజులు ఏం తిన్నారని నేను ఎవర్నీ అడగలేదు.

టెంటుకు పొడిగింపు రాలేదు. యజమాని వచ్చి గుడారం విప్పించి, ఆయన్ని పని లోంచి తీసేశాడు. సామాను బండ్లకెక్కిస్తుంటే రోడ్డు ఇవతల నిలబడి చూస్తున్నాను. బొరుగులవ్వ ఒక్కతే ఆయన దగ్గరికి పోయింది.

“ఇంగ మాకు పరీక్షలు ఎవరు పెడతారప్పా?” అంది.

“నువ్వు పాసైపోయినావులేవ్వా. నీకెందుకు?”

తర్వాత రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు. “నాతో ఏమన్నా చెప్పాల్నా?” అన్నాడు.

“ల్యా అన్నా.”

“సరే” అన్నాడు. వెళ్లాడు. ఇంటికి వచ్చి విప్పితే చొక్కా భుజం మీద నల్లటి వేలిముద్ర ఉంది.

ఆదివారాలు మళ్లీ ఖాళీ అయ్యాయి. సాయిబు కొడుకు ఆ తర్వాత ఏ బొమ్మా గీయలేదు.

ఆయన్ని నేను మళ్లీ చూసింది ఒక్కసారే, మూడేళ్ల కిందట. అప్పటికి నేను ఒక పత్రికకు వార్తలు రాసి పంపుతున్నాను. ఏదో పని మీద తాడిపత్రి పోయి, బండలు పాలిష్ పట్టే చోట నడుస్తుంటే, గొంతుక్కూర్చుని బండ మీద నీళ్లు చల్లుతూ రుద్దుతున్న పొట్టి మనిషి ఒకడు తల ఎత్తాడు. నేను గుర్తుపట్టకముందే నన్ను గుర్తుపట్టాడు. ఒంటి నిండా తెల్లటి రాతిపొడి. ఆ బొటనవేలు కూడా తెల్లగా ఉంది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

టీ తెప్పించాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. చెప్పాను.

“చూసి రాస్తాండావా, విని రాస్తాండావా?”

“రెండూ అన్నా” అని నవ్వాను. ఆయనా నవ్వాడు.

“బొరుగులవ్వ ఉండాదా?”

“పోయిందంట.”

“అంటనా, పోయినాదా?”

నాకు తెలియదు. ఆమె నాలుగు వీధుల అవతల ఉండేది.

ఆయన టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. “అయ్యవారు ఎట్లుండాడు?”

“బాగున్నాడంట” అన్నాను. మళ్లీ ‘అంట’ అన్నానని మాట బయటికి వచ్చాక గానీ తెలియలేదు.

“ఒకే ఊళ్లో ఉండి అంటనా?” అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. ఆరోగ్యం కనుక్కుంటున్నట్టుగానే అన్నాడు. నేను ఏమన్నా చెబుతానేమో అన్నట్టు చూశాడు. బస్సుకు వేళైందని చెప్పి లేచాను. బస్సుకు ఇంకా గంట ఉంది. ఆ గంట బస్టాండులో కూర్చున్నాను.

నిజానికి ఆ పదహారేళ్లూ నేను అయ్యవారు ఉండే వీధిలోకి పోలేదు. పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయాను. ఆయన ఎదురైతే పక్క సందులోకి మళ్లాను. ఊరు చిన్నది, ఇలా బతకడానికి చాలా జాగ్రత్త కావాలి. ఆ జాగ్రత్తలో సగం పెట్టి చూసి ఉంటే, ఆ బొమ్మ గీసి ఉండను.

ఇప్పుడు ఈ అద్దం వచ్చింది. విరిగిన మూలను వేలితో తడిమి చూశాను. నేను కోసిన గాజే. ఆయన తుడిచి జేబులో వేసుకున్నదే. గుడారం పోయినా, పని పోయినా, దీన్ని మాత్రం రాతిపొడిలో ఎక్కడో దాచిపెట్టాడు.

పదిహేను రోజులు గూట్లో పెట్టాను. “ఏందది, మసి ఇల్లంతా అంటుకుంటాది, తీసి పారేయగూడదా?” అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. వార్తలు రాయడానికి కూర్చున్నప్పుడల్లా కన్ను అటే పోయేది.

ఒక పొద్దున తీసి అంచు కాగితం విప్పాను. ఏం గీయాలి? నేను నిజంగా చూసింది ఏమిటి? అయ్యవారి బండిని చూడలేదు. మూటను చూడలేదు. చూసింది ఒక్కటే ఉంది. బోర్లించిన కొప్పెర. దాని ముందు చెంబులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు.

కొప్పెర గీశాను. ఒక్కొక్కరినే గీశాను. చివర నీడలు వేయబోతూ ఆగాను. ఆయన గొంతు వినిపించినట్టయింది. ఈసారి లెక్క వేసుకోనక్కర్లేకపోయింది. మిట్టమధ్యాహ్నం. నీడలు ఎటూ పడలేదు. అందరి కాళ్ల కిందే ఉన్నాయి.

మీద గాజు మూసి, అంచులకు మళ్లీ కాగితం అంటించి, గుడ్డలో చుట్టుకుని, పదహారేళ్ల తర్వాత ఆ వీధిలోకి పోయాను. అయ్యవారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. తలుపు పక్కన గోడకు గొడుగు ఆనించి ఉంది, కొత్తది కాదు, అప్పటిదీ కాదు. నన్ను చూసి, “రాప్పా, కూర్చో” అన్నాడు, నిన్న వచ్చి పోయినవాణ్ని పిలిచినట్టు.

కూర్చోలేదు.

“అయ్యవారూ, టెంటులో ఆ బండి బొమ్మ గీసింది నేను. నేను చూడలేదు. టీ అంగట్లో విని గీసినాను. తాసిల్దారు అడిగిన దినం లేయలేదు.”

ఆయన చెయ్యి చాచాడు. గుడ్డ విప్పి అద్దం ఇచ్చాను. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. చత్వారపు కళ్లకు దగ్గరగా, మళ్లీ దూరంగా, చాలాసేపు చూశాడు. వీధిలో ఒక సైకిలు పోయింది. ఎవరో ఆయనకు నమస్కారం చెప్పారు. ఆయన వినలేదు.

“కొప్పెర బాగా వచ్చినాది” అన్నాడు చివరికి. “ఆడోళ్లు ఇంకా ఎక్కువమంది ఉండ్రి.”

అద్దంలో చోటు చాలలేదు అనబోయాను. వంగి చూశాను. కుడివైపు చోటు ఉంది.

సూది జేబులోనే ఉంది. ఆయన పక్కన అరుగు మీద కూర్చుని, అంచు కాగితం విప్పాను.

“చెప్పండి అయ్యవారూ” అన్నాను. “ఎవరెవరు ఉండ్రి?”